ఎక్సెల్ జాబితాలో కనిపించని ఫంక్షన్లు: డేట్‌డిఫ్, గెట్.సెల్, ఎవాల్యుయేట్ లాంటివాటిలో ఏవి నమ్మొచ్చు?

జీతాల_పట్టిక (ప్రశ్న)

సిబ్బంది సర్వీసు రిజిస్టరు ఎక్సెల్‌లో తయారవుతోంది. దాదాపు నాలుగు వందల రోలు. ఏ కాలమ్‌లో ఉద్యోగంలో చేరిన తేదీ, బి కాలమ్‌లో ఏ రోజు వరకు లెక్క కట్టాలో ఆ తేదీ, సి కాలమ్‌లో పుట్టిన తేదీ ఉన్నాయి. సర్వీసు ఎన్ని సంవత్సరాలు, ఎన్ని నెలలు, ఎన్ని రోజులో రావాలి. దీనికి రెండు తేదీల మధ్య కాలాన్ని చెప్పే డేట్‌డిఫ్ ఫంక్షన్ వాడుతున్నాను. సందేహాలు ఇవి:

ఒకటి, పేరు టైపు చేస్తుంటే మిగతా ఫంక్షన్లలా కింద జాబితా పడదు, బ్రాకెట్ తెరిచాక లోపల ఏమివ్వాలో చూపించదు. కానీ ఎంటర్ కొడితే జవాబు వస్తుంది. ఇది అసలు ఎక్సెల్‌లో ఉన్నట్టా, లేనట్టా?

రెండు, 31-01-2023 నుంచి 01-03-2023 వరకు రోజులు అడిగితే -2 చూపిస్తోంది. రోజులు మైనస్‌లో ఎలా వస్తాయి?

మూడు, ఇలా జాబితాలో లేనివి ఇంకా ఏమున్నాయి? రంగు వేసిన సెల్స్‌ను మాత్రమే కూడేది, అంకెను రూపాయల్లో అక్షరాలుగా రాసేది ఉన్నాయంటారు. నిజమేనా?

వాడేది విండోస్‌లో మైక్రోసాఫ్ట్ 365. ఫైలు వెళ్లే చోట లిబ్రాఫీస్‌లో (ఉచితంగా దొరికే ఆఫీస్ సాఫ్ట్‌వేర్) తెరుస్తారు.

---

ఈడేట్_ఈఓమంత్

ముందుగా ఒక మాట. ఫార్ములాలు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. సెల్‌లో వాటి పేర్లు, కాలమ్ అక్షరాలు ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

డేట్‌డిఫ్ ఉన్నట్టే. లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాంలో చేసిన ఫైళ్లు ఆగిపోకుండా ఉండేందుకు మైక్రోసాఫ్ట్ దాన్ని ఉంచింది. ఎక్సెల్ 2000 సహాయంలో వివరణ ఇచ్చి, తర్వాత చాలాకాలం తీసేశారు. ఇప్పుడు వాళ్ల సహాయ పేజీ మళ్లీ ఉంది. ఆ పేజీలోనే కొన్ని సందర్భాల్లో తప్పు ఫలితం రావచ్చనే హెచ్చరికా ఉంది. ఆ సందర్భాలేమిటో తెలిస్తే దీన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు.

పేరు చివర ఎఫ్ ఒక్కటే. రెండు ఎఫ్‌లు కొడితే #నేమ్? వస్తుంది. రెండు ఎఫ్‌ల డేట్‌డిఫ్ వీబీఏది (ఎక్సెల్‌లో మాక్రోలు, అంటే పనులు వాటంతటవే జరిగేలా చేసే చిన్న ప్రోగ్రాంలు, రాసే భాష), దాని పని వేరు. అది నిండిన సంవత్సరాలు లెక్కపెట్టదు, క్యాలెండర్‌లో ఏడాది ఎన్నిసార్లు మారిందో లెక్కపెడుతుంది. 31-12-2023 నుంచి 01-01-2024కు వీబీఏ జవాబు 1 సంవత్సరం, షీట్‌లోని డేట్‌డిఫ్ జవాబు 0. మాక్రోలో వయసు లెక్కలు తప్పడానికి ఎక్కువగా కారణం ఇదే.

రాసే తీరు:

=డేట్‌డిఫ్(ఏ2,బి2,"వై")

మూడో స్థానంలో ఇచ్చే కోడ్లు ఆరు. వై నిండిన సంవత్సరాలకు, ఎం నిండిన నెలలకు, డి మొత్తం రోజులకు. వైఎం అంటే సంవత్సరాలు తీసేశాక మిగిలిన నెలలు. వైడి అంటే సంవత్సరాలు తీసేశాక మిగిలిన రోజులు. ఎండి అంటే నెలలు కూడా తీసేశాక మిగిలిన రోజులు. మొదటి తేదీ రెండో తేదీ కన్నా తర్వాతదైతే #నమ్! వస్తుంది. వై, ఎం, డి, వైఎం నాలుగూ నమ్మదగినవి. వైడి లీపు సంవత్సరం దగ్గర ఒక రోజు తేడా చూపవచ్చు. అసలు చిక్కు ఎండితోనే.

మీ -2 ఎలా వచ్చిందంటే: చివరి తేదీలోని రోజు 1, మొదటి తేదీలోని రోజు 31. 1 చిన్నది కాబట్టి ఎండి ఒక నెల వెనక్కి వెళ్లి 31వ తేదీ కోసం చూస్తుంది. వెనకది ఫిబ్రవరి. 2023లో "ఫిబ్రవరి 31" అంటే ఎక్సెల్ లెక్కలో మార్చి 3. మార్చి 1లోంచి మార్చి 3 తీసేస్తే -2. అదే లీపు సంవత్సరమైతే -1 వస్తుంది. 29, 30, 31 తేదీల్లో చేరినవాళ్లకు, చివరి తేదీ మార్చి మొదట్లో పడితే ఇది తప్పకుండా చూసుకోవాలి. మైనస్ వస్తే కంటికి కనిపిస్తుంది. 0 వచ్చినప్పుడు ఎవరూ పట్టుకోరు, ఎక్కువ నష్టం అక్కడే.

అందుకని ఎండి పూర్తిగా మానేయండి. నిండిన నెలలు లెక్కపెట్టి, మొదటి తేదీని అన్ని నెలలు ముందుకు జరిపి, అక్కడి నుంచి మిగిలిన రోజులు తీసుకోండి:

=బి2-ఈడేట్(ఏ2,డేట్‌డిఫ్(ఏ2,బి2,"ఎం"))

మీ తేదీలకు నిండిన నెల 1. ఈడేట్ 31-01-2023ను ఒక నెల జరిపితే 28-02-2023 అవుతుంది. మార్చి 1కి మిగిలింది 1 రోజు. మైనస్ ఎప్పుడూ రాదు. 29, 30, 31 జనవరి ముగ్గురికీ మార్చి 1 నాటికి "1 నెల 1 రోజు" అనే వస్తుంది. నెలలు సమానంగా లేనప్పుడు అది తప్పదు. ఈ ఫార్ములా సెల్ తేదీలా కనిపిస్తే ఫార్మాట్‌ను జనరల్‌కు మార్చండి.

మూడూ ఒకే సెల్‌లో కావాలంటే:

=డేట్‌డిఫ్(ఏ2,బి2,"వై")&" సం. "&డేట్‌డిఫ్(ఏ2,బి2,"వైఎం")&" నె. "&(బి2-ఈడేట్(ఏ2,డేట్‌డిఫ్(ఏ2,బి2,"ఎం")))&" రో."

అయితే సర్వీసుకు మూడు కాలమ్స్ వేరువేరుగా ఉంచడమే మేలు. ఇలా కలిపేసిన సెల్‌ను మళ్లీ కూడలేరు, వడపోయలేరు.

సర్వీసు లెక్కలో చివరి రోజు కూడా చేరాలి, ఇది చాలామంది వదిలేస్తారు. 01-04-2010 నుంచి 31-03-2024 వరకు పై ఫార్ములా 13 సం. 11 నె. 30 రో. అంటుంది. నిజానికి 14 సంవత్సరాలు నిండాయి. బి2 ఉన్న ప్రతిచోటా బి2+1 అని రాయండి, సరిగ్గా 14-0-0 వస్తుంది. వయసు లెక్కకు మాత్రం +1 వద్దు.

వయసు విషయంలో ఫిబ్రవరి 29న పుట్టినవాళ్లను వేరుగా చూడండి. 29-02-2004న పుట్టినవారికి డేట్‌డిఫ్ ప్రకారం 28-02-2022న 17, మార్చి 1న 18. ఈడేట్‌తో 216 నెలలు కలిపితే 28-02-2022 వస్తుంది. రెండింటికీ ఒక రోజు తేడా. కట్-ఆఫ్ తేదీ ఫిబ్రవరి చివర్లో ఉంటే, ఏ పద్ధతి తీసుకోవాలో మీ నిబంధన చూసుకుని మొత్తం షీట్‌కు అదొక్కటే వాడండి.

పుట్టిన తేదీ కాలమ్ ఎలాగూ ఉంది కాబట్టి రిటైర్మెంట్ తేదీకి కూడా దాగుడుమూతలు లేని ఫార్ములా ఇస్తున్నాను:

=ఈఓమంత్(ఈడేట్(సి2,60*12)-1,0)

ఈఓమంత్ నెల చివరి తేదీ ఇస్తుంది. వయసు నిండే నెల చివరి రోజున రిటైర్ అవుతారు. ఒకటో తేదీన పుట్టినవాళ్లు మాత్రం అంతకుముందు నెల చివరి రోజునే. ఆ -1 ఉన్నది వాళ్ల కోసమే. 01-06న పుట్టినవారికి మే 31, 15-06న పుట్టినవారికి జూన్ 30 వస్తాయి. కేంద్ర ఉద్యోగులకు 60. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకు 61, ఆంధ్రప్రదేశ్ వాళ్లకు 62 పెట్టుకోవాలి. ఆ అంకెను ఫార్ములాలో కాకుండా పక్కన ఒక సెల్‌లో ఉంచితే, రేపు ఉత్తర్వు మారినప్పుడు ఒక్కచోట దిద్దితే సరిపోతుంది.

---

రో_కాలమ్

పైన చెప్పినదంతా తేదీలు నిజంగా తేదీలైతేనే పనిచేస్తుంది. నాలుగు వందల రోల రిజిస్టరులో సగం తేదీలు వేరే సాఫ్ట్‌వేర్ నుంచి అతికించినవే ఉంటాయి. ముందుగా ఖాళీ కాలమ్‌లో =ఈజ్‌నంబర్(ఏ2) వేసి కిందికి లాగండి. ఫాల్స్ వచ్చినచోట ఉన్నది తేదీ కాదు, టెక్స్ట్.

డేట్‌డిఫ్‌కు టెక్స్ట్ ఇచ్చినా అది ఊరుకోదు, విండోస్ రీజియన్ ప్రకారం తేదీగా మార్చుకుని జవాబిస్తుంది. రీజియన్ అమెరికాగా ఉంటే 05/06/1990ని మే 6 అనుకుంటుంది, 13/05/1990 దగ్గర మాత్రం #వాల్యూ! ఇస్తుంది. ఎర్రర్ వచ్చినవి దిద్దుకుంటాం, మొదటి రకం అలాగే ఉండిపోతుంది.

సరిచేయడానికి ఆ కాలమ్ ఎంచుకుని డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ టు కాలమ్స్, రెండుసార్లు నెక్స్ట్, మూడో మెట్టులో డేట్ ఎంచుకుని డీఎంవై, ఫినిష్. ఇది టెక్స్ట్‌గా మిగిలినవాటిని మాత్రమే మారుస్తుంది. అప్పటికే తప్పుగా మే 6 అయిపోయిన తేదీలను ఇది బాగుచేయలేదు. వాటి కోసం మూలం నుంచి మళ్లీ తెచ్చుకోవాలి. తెచ్చేటప్పుడు అతికించే కాలమ్‌ను ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టి, తర్వాత పై మెట్లు చేయండి.

1900కి ముందు తేదీలు ఎక్సెల్ అసలు తీసుకోదు. 29-02-1900 అనే లేని రోజును ఉన్నట్టే లెక్కపెడుతుంది, 60వ నంబరు దానిదే. అదీ లోటస్‌తో సరిపోలడానికి మోసుకొచ్చిందే. మీ రిజిస్టరుకు దీనితో పని లేదు, పాత భూమి రికార్డులు ఎక్కించేవాళ్లకు ఉంటుంది.

---

ఎఫ్9

మూడో ప్రశ్నలో రంగుల సంగతి నేను చెప్తాను.

రంగు చెప్పే మామూలు ఫంక్షన్ ఎక్సెల్‌లో లేదు. సెల్("కలర్",ఏ2) చూసి మోసపోవద్దు. నంబర్ ఫార్మాట్‌లో మైనస్ అంకెలకు రంగు పెట్టారా లేదా అన్నదే అది చెప్తుంది, మీరు పూసిన రంగు దానికి తెలియదు.

మీరు విన్నది గెట్.సెల్ గురించి. 1992లో ఎక్సెల్ 4.0తో వచ్చిన మాక్రో భాషలోది. మరుసటి ఏడాది వీబీఏ వచ్చాక ఆ భాష వెనక్కి పోయింది కానీ తీసేయలేదు. సెల్‌లో నేరుగా రాస్తే ఎక్సెల్ ఒప్పుకోదు. డిఫైన్డ్ నేమ్ (ఫార్ములాకు మనం పెట్టుకునే పేరు) లోపల రాస్తే ఒప్పుకుంటుంది. దారి అదొక్కటే.

కంట్రోల్+ఎఫ్3 కొట్టి నేమ్ మేనేజర్ తెరవండి. న్యూ నొక్కి, పేరు దగ్గర రంగు అని ఇచ్చి, రిఫర్స్ టు దగ్గర ఇది రాయండి:

=గెట్.సెల్(63,ఇన్‌డైరెక్ట్("ఆర్‌సి[-1]",ఫాల్స్))

63 అంటే సెల్ నేపథ్య రంగు. ఆర్‌సి[-1] అంటే ఎడమ పక్క సెల్. చాలా చోట్ల ఇక్కడ షీట్1!ఏ2 అని రాయమంటారు. అలా రాస్తే పేరు పెట్టేటప్పుడు కర్సర్ సరిగ్గా బి2లో ఉండాలి, లేదంటే అన్ని సెల్సూ పక్కకు జరిగిపోతాయి. ఇన్‌డైరెక్ట్‌తో ఆ బాధ లేదు, ఏ షీట్‌లోనైనా పనిచేస్తుంది.

రంగు వేసిన మొత్తాలు డి కాలమ్‌లో ఉంటే, ఈ2లో =రంగు అని కొట్టి కిందికి లాగండి. పసుపుకు 6, ఎరుపుకు 3, రంగు లేకపోతే 0 వస్తాయి. ఆపైన:

=సమ్‌ఇఫ్(ఈ2:ఈ400,6,డి2:డి400)

63 బదులు 24 ఇస్తే అక్షరాల రంగు, 20 ఇస్తే బోల్డ్ ఉందో లేదో, 7 ఇస్తే నంబర్ ఫార్మాట్, 48 ఇస్తే సెల్‌లో ఫార్ములా ఉందో లేదో తెలుస్తాయి.

ఇక ఎక్కడ చెడుతుందో చెప్తాను, వాడే ముందు ఇవి తెలియాలి. సెల్‌కు రంగు మార్చడాన్ని ఎక్సెల్ మార్పుగా లెక్కపెట్టదు. రంగు మార్చాక మళ్లీ లెక్కించే ఎఫ్9 కీ కొట్టకపోతే పాత మొత్తమే ఉంటుంది. అది జనానికి నోటీసు పెట్టి చెప్పినా మర్చిపోతారు. కండిషనల్ ఫార్మాటింగ్‌తో (షరతును బట్టి ఎక్సెల్ తానే వేసేది) వచ్చిన రంగు దీనికి కనపడదు. జవాబు 56 రంగుల పాత పట్టికలోంచి వస్తుంది కాబట్టి, దగ్గరదగ్గరగా ఉన్న రెండు లేత పసుపులకు ఒకే అంకె రావచ్చు. ఫైలును ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎంగా (మాక్రోలు ఉంచుకోగల ఫైలు రకం) సేవ్ చేయాలి, మామూలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా చేస్తే పేరు పనిచేయకుండా పోతుంది.

అన్నిటికన్నా పెద్దది భద్రత. ఈ పాత మాక్రో భాషను వైరస్‌లు పంపేవాళ్లు విరివిగా వాడారు. అందుకే 365లో దాన్ని ముందుగానే ఆపేసి ఉంచుతున్నారు. =రంగు అంటే #బ్లాక్డ్! వస్తే కారణం అదే. ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్, ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్, మాక్రో సెట్టింగ్స్‌కు వెళ్తే వీబీఏ మాక్రోలతో పాటు ఎక్సెల్ 4.0 మాక్రోలను అనుమతించే టిక్ ఒకటి ఉంటుంది. మీ సొంత కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు. ఫైలు అందుకునే పది మందిని ఆ టిక్ పెట్టుకోమనడం నేను ఒప్పుకోను. ఒక రంగు లెక్క కోసం వాళ్ల తలుపు తీసి ఉంచినట్టవుతుంది.

పైగా అవసరం కూడా లేదు. హెడర్ మీద ఫిల్టర్ పెట్టి, బాణం నొక్కి ఫిల్టర్ బై కలర్ ఎంచుకోండి. మొత్తం కోసం పట్టికకు పైన ఒక సెల్‌లో:

=సబ్‌టోటల్(9,డి2:డి400)

వడపోతలో మిగిలినవాటినే కూడుతుంది, కండిషనల్ ఫార్మాటింగ్ రంగుతోనూ పనిచేస్తుంది. ఫిల్టర్ కాకుండా చేత్తో దాచిన రోలు కూడా వదలాలంటే 9 బదులు 109. నిజానికి "పసుపు" అంటే ఏమిటో ఒక కాలమ్‌లో రాసుకుంటే ఇంకా మంచిది. పెండింగ్, చెల్లింపు అయింది అని మాటల్లో ఉంటే మామూలు సమ్‌ఇఫ్ చాలు.

---

కొలతల_పుస్తకం

గెట్.సెల్ కుటుంబంలోదే ఎవాల్యుయేట్ కూడా, టెక్స్ట్‌గా రాసిన లెక్కను చేసి జవాబిస్తుంది. సివిల్ పనుల కొలతలు రాసేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది కాబట్టి కలుపుతున్నాను. ఏ2లో 3.6*2.4*0.15 అని టెక్స్ట్‌గా ఉంది, కొలత అలాగే కనపడాలి, పక్కన పరిమాణం 1.296 రావాలి. బి2లో కర్సర్ పెట్టి కంట్రోల్+ఎఫ్3, న్యూ, పేరు పరిమాణం, రిఫర్స్ టు:

=ఎవాల్యుయేట్(షీట్1!$ఏ2)

తర్వాత బి2లో =పరిమాణం. ఇక్కడ కర్సర్ ఉన్న రో ముఖ్యం. ఏ సెల్‌లో 255 అక్షరాలు దాటినా #వాల్యూ! వస్తుంది. గుణకారానికి నక్షత్రం బదులు ఎక్స్ అక్షరం రాసే అలవాటు ఉంటే లోపల సబ్‌స్టిట్యూట్ పెట్టి నక్షత్రంగా మార్చాలి. చెత్త ఖాళీలు ఉన్నా పర్వాలేదు, కానీ "3.6 మీ" అని యూనిట్ రాస్తే లెక్క ఆగిపోతుంది.

#బ్లాక్డ్!, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎం షరతులు దీనికీ అవే. గూగుల్ షీట్స్‌లో ఎవాల్యుయేట్ లేదు. బిల్లుతో పాటు పంపే ఫైలైతే పొడవు, వెడల్పు, లోతు మూడు కాలమ్స్‌గా విడగొట్టి =ప్రొడక్ట్(ఏ2:సి2) రాయండి. ప్రొడక్ట్ ఖాళీ సెల్స్‌ను వదిలేస్తుంది, కాబట్టి రన్నింగ్ మీటర్లకు లోతు ఖాళీగా ఉంచినా సున్నా అయిపోదు. నక్షత్రంతో గుణిస్తే అవుతుంది.

షీట్ల పేర్ల జాబితా కావాలన్నా ఈ దారే. షీట్లు అనే పేరుకు =గెట్.వర్క్‌బుక్(1)&టి(నౌ()) ఇచ్చి, సెల్‌లో =ఇండెక్స్(షీట్లు,రోస్(ఏ$1:ఏ1)) రాసి కిందికి లాగండి. ఒక్కో పేరు ముందు చదరపు బ్రాకెట్లలో ఫైలు పేరు వస్తుంది. దాన్ని తీయడానికి ఫైండ్‌తో ముగింపు బ్రాకెట్ ఎక్కడుందో చూసి, దాని తర్వాతి అక్షరం నుంచి మిడ్‌తో 31 అక్షరాలు తీసుకోవాలి. షీట్ పేరు 31 అక్షరాలకు మించదు. టి(నౌ()) చేర్చేది కొత్త షీట్ వేసినప్పుడు జాబితా మళ్లీ లెక్కించుకోవడానికి.

ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లు తెచ్చే ఫైల్స్ అనే ఫంక్షన్ కూడా ఉంది. దాన్ని మాత్రం వాడొద్దు. డేటా ట్యాబ్‌లో గెట్ డేటా, ఫ్రమ్ ఫైల్, ఫ్రమ్ ఫోల్డర్ అంటే పేరు, మార్చిన తేదీ, ఉన్న చోటు అన్నీ పట్టికగా వస్తాయి.

---

జీతాల_పట్టిక

ఎండి మానేసి ఈడేట్ పెట్టాను, మైనస్‌లు పోయాయి. ఈజ్‌నంబర్‌తో చూస్తే ముప్పైకి పైగా తేదీలు టెక్స్ట్‌గా ఉన్నాయి, డీఎంవైతో మార్చాను. రంగులకు సబ్‌టోటల్ చాలు. రూపాయలు అక్షరాల్లో రాసేది ఉందా అన్నదే మిగిలింది. అలాగే లిబ్రాఫీస్‌లో ఇవి తెరిస్తే ఏమవుతుంది?

---

అక్షరాలా_రూపాయలు

రూపాయలకు లేదు. థాయ్ బాట్‌కు ఉంది. =బాట్‌టెక్స్ట్(ఏ2) అంటే మొత్తం థాయ్ భాషలో, థాయ్ లిపిలో వస్తుంది. అది జాబితాలోనూ ఉంది. జాబితాలో లేనివి నంబర్‌స్ట్రింగ్, డేట్‌స్ట్రింగ్. మొదటిది అంకెను జపనీస్ అంకె మాటల్లో రాస్తుంది, రెండోది తేదీని జపాన్ చక్రవర్తి శకంలో చూపిస్తుంది. మనకు వాటితో పని లేదు. ఇన్ని కోట్ల మంది లక్షలు, కోట్లలో లెక్క రాసుకునే దేశానికి ఒక్కటి ఇవ్వకపోవడం మాత్రం లోటే.

నెట్‌లో దొరికే స్పెల్‌నంబర్ అనే వీబీఏ కోడ్ మిలియన్లు, డాలర్ల కోసం రాసింది. అందులో డాలర్స్‌ను రూపీస్‌గా మార్చినా 1,25,000కి "వన్ హండ్రెడ్ ట్వెంటీ ఫైవ్ థౌజండ్" అనే వస్తుంది. అంకెలను మూడేసిగా విడగొట్టే భాగమే మార్చాలి.

మాక్రో లేకుండా తెలుగులో చేసే పద్ధతి ఇది. పదాలు అనే షీట్‌లో ఏ1 నుంచి ఏ99 వరకు ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా పేర్లు రాయండి. తెలుగులో వీటిని ఫార్ములాతో పుట్టించే ప్రయత్నం చేయొద్దు, పట్టికే సులువు, తప్పు ఉంటే దిద్దుకోవచ్చు. మొత్తం డి2లో ఉందనుకోండి. ఎఫ్2లో ముందు =రౌండ్(డి2,2) పెట్టండి. తర్వాత పక్క కాలమ్స్‌లో ఇవి (ఇంట్ దశాంశాలు తీసేస్తుంది, మాడ్ భాగిస్తే మిగిలే శేషం ఇస్తుంది):

కోట్లు: =ఇంట్(ఎఫ్2/10^7)
లక్షలు: =ఇంట్(మాడ్(ఎఫ్2,10^7)/10^5)
వేలు: =ఇంట్(మాడ్(ఎఫ్2,10^5)/1000)
వందలు: =ఇంట్(మాడ్(ఎఫ్2,1000)/100)
మిగిలినవి: =ఇంట్(మాడ్(ఎఫ్2,100))
పైసలు: =రౌండ్((ఎఫ్2-ఇంట్(ఎఫ్2))*100,0)

పైసల దగ్గర ఇంట్ వాడకూడదు. 1234.29లోంచి 1234 తీసి 100తో గుణిస్తే కంప్యూటర్ లోపల 28.999... అవుతుంది, ఇంట్ దాన్ని 28 చేస్తుంది. ఎఫ్2లో ముందే రౌండ్ చేయకపోతే 5.999 లాంటి మొత్తానికి 100 పైసలు వస్తాయి.

ఇప్పుడు ఒక్కో భాగాన్ని మాటగా మార్చాలి. లక్షలు హెచ్2లో ఉన్నాయనుకుంటే:

=ఇఫ్(హెచ్2=0,"",ఇఫ్(హెచ్2=1,"ఒక లక్ష ",ఇండెక్స్(పదాలు!$ఏ$1:$ఏ$99,హెచ్2)&" లక్షల "))

సున్నాకు విడిగా ఇఫ్ ఎందుకంటే, ఇండెక్స్‌కు 0 ఇస్తే ఖాళీ రాదు, మొత్తం కాలమ్ వస్తుంది. 365లో 99 మాటలూ కిందికి పరుచుకుంటాయి, కింద ఏదైనా ఉంటే #స్పిల్! ఎర్రర్ వస్తుంది. కోట్లకు "ఒక కోటి", "కోట్ల". వేలకు "వెయ్యి", "వేల". వందల దగ్గర మూడు రూపాలు చూసుకోవాలి: 100కి "వంద", 120కి "నూట ఇరవై", 300కి "మూడు వందల". అంటే వంద ఒకటే ఉన్నప్పుడు మిగిలినవి సున్నానా కాదా అని ఇంకో ఇఫ్ పెట్టాలి. చివర రూపాయలు అనే మాట వస్తుంది కాబట్టి వేలు, వందలు అని కాకుండా వేల, వందల అనే రూపాలే అన్నిచోట్లా సరిపోతాయి.

అన్నిటినీ & తో కలిపి, బయట ట్రిమ్ వేసి, చివర " రూపాయలు మాత్రమే" చేర్చండి. పైసలు సున్నా కాకపోతే రూపాయలకూ మాత్రమేకూ మధ్యలో అవీ రావాలి. 1,25,340కి "ఒక లక్ష ఇరవై ఐదు వేల మూడు వందల నలభై రూపాయలు మాత్రమే" అని వస్తుంది. 99 కోట్లు దాటితే పట్టిక చాలదు. 1 రూపాయికి, సున్నాకు, మైనస్‌కు విడిగా చూసుకోండి.

కామాలు కూడా మనలా పడాలంటే కస్టమ్ ఫార్మాట్‌లో:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

ఒక ఫార్మాట్‌లో షరతులు రెండే పెట్టగలం, అందుకని మైనస్ మొత్తాలు మూడో భాగంలోకి పడి పాత పద్ధతిలో కనిపిస్తాయి. విండోస్ రీజియన్ సెట్టింగ్స్‌లో డిజిట్ గ్రూపింగ్‌ను భారతీయ పద్ధతికి మారిస్తే మామూలు #,##0 చాలు, మైనస్‌లకూ పనిచేస్తుంది. కానీ అది ఆ కంప్యూటర్‌కే, ఫైలుతో ప్రయాణం చేయదు.

వారం పేరు తెలుగులో కావాలంటే దీనికి ఫంక్షన్ కాకుండా ఒక కోడ్ ఉంది:

=టెక్స్ట్(ఏ2,"[$-44ఏ]డిడిడిడి")

44ఏ అనేది విండోస్‌లో తెలుగు భాష నంబరు. డిడిడిడి బదులు ఎంఎంఎంఎం ఇస్తే నెల పేరు తెలుగులో వస్తుంది.

---

కాల్క్_వాడుకరి

లిబ్రాఫీస్ సంగతి. డేట్‌డిఫ్ 3.6 నుంచి ఉంది, అక్కడ జాబితాలోనే కనిపిస్తుంది. ఈడేట్, ఈఓమంత్, సబ్‌టోటల్, ఇండెక్స్ ఫార్ములాలు అలాగే వస్తాయి. గెట్.సెల్, ఎవాల్యుయేట్ ఉన్న పేర్లు మాత్రం పనిచేయవు. కాబట్టి మీ ఫైల్లో అవి ఉండకూడదు.

షీట్ పేరు కోసం సెల్("ఫైల్‌నేమ్",ఏ1) వాడి చదరపు బ్రాకెట్ తర్వాతి భాగం తీసే ఫార్ములా ఉంటే అది ఇక్కడ విరుగుతుంది. లిబ్రాఫీస్ ఆ బ్రాకెట్ ఇవ్వదు, ఫైలు దారిని కోట్స్‌లో పెట్టి తర్వాత #$ తో షీట్ పేరు ఇస్తుంది. ఎక్సెల్‌లోనూ ఆ ఫార్ములాకు రెండు షరతులున్నాయి: ఫైలు ఒకసారైనా సేవ్ అయి ఉండాలి, ఏ1ను వదిలేయకూడదు. వదిలేస్తే చివరగా ఏ షీట్‌లో మార్పు జరిగిందో దాని పేరు అన్ని షీట్లలోనూ కనిపిస్తుంది.

ఇటువైపు నుంచి కూడా ఒక జాగ్రత్త. లిబ్రాఫీస్‌లో ఇయర్స్, మంత్స్, డేస్‌ఇన్‌మంత్, ఈజ్‌లీప్‌ఇయర్ అనే చక్కని ఫంక్షన్లున్నాయి. అవతలి ఆఫీసు వాళ్లు మీ రిజిస్టరులో అవి రాసి తిప్పి పంపితే ఎక్సెల్‌కు తెలియవు. నెలలో రోజులకు =డే(ఈఓమంత్(ఏ2,0)) రాయమనండి, రెండింటిలోనూ ఒకటే జవాబు.

---

రో_కాలమ్

@జీతాల_పట్టిక, ఫైలు వేరేచోటికి వెళ్తుంది కాబట్టి బి2+1 ఎందుకుందో ఫార్ములాలోనే రాసి ఉంచండి. ఎన్ అనే ఫంక్షన్‌కు టెక్స్ట్ ఇస్తే 0 వస్తుంది, అంటే జవాబు మారదు:

=డేట్‌డిఫ్(ఏ2,బి2+1,"వై")+ఎన్("చివరి రోజు కూడా సర్వీసే")

ఇది అంకె వచ్చే ఫార్ములాలకే. & తో కలిపిన టెక్స్ట్ ఫార్ములాకు ఇలా చేరిస్తే #వాల్యూ! వస్తుంది. లిబ్రాఫీస్‌లోనూ పనిచేస్తుంది.